మానేద్దామనుకున్న రోజు ఫోన్ చేసిన అమ్మాయికి

ఈ పోస్టు ఎప్పుడో పెట్టాల్సింది. ఉద్యోగం వచ్చిన రోజే పెడదామనుకుంటే మా ఆవిడ వద్దంది. "ముందు ఆర్నెల్లు నిలబడండి, తర్వాత అందరికీ చెప్పుకుందురు గాని" అంది. ఆమె అనుమానం ఆమెది. ఆర్నెల్లు దాటి ఇంకో రెండు నెలలైంది కాబట్టి ఇప్పుడు రాస్తున్నాను.

విజయవాడ పటమటలో ఒక ట్రస్టు వాళ్ళు రెండు గదుల్లో ఒక కేంద్రం నడుపుతున్నారు. ఉద్యోగం పోయినవాళ్ళకి, దొరకనివాళ్ళకి సాయం చేస్తారు. పేరు వేయొద్దన్నారు. ఉన్నదే ఇద్దరున్నర మనుషులం, జనం ఎగబడితే ఒక్కొక్కరికీ ఫోన్ చేసే తీరిక ఉండదని వాళ్ళ బాధ. (అర అంటే సాయంత్రం పూట వచ్చే డిగ్రీ కుర్రాడు.) అందుకని అమ్మాయి అని, మాస్టారు అని మాత్రమే రాస్తాను. వాళ్ళకి తెలుస్తుంది.

నాకు 46 ఏళ్ళు, బీకాం. సింగ్‌నగర్ వైపు ఒక నోటు పుస్తకాల హోల్‌సేల్ గోడౌన్‌లో 14 ఏళ్ళు లెక్కలు రాశాను. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, బుడమేరు వాగు పొంగి ఊళ్ళోకి వచ్చింది. మాది మేడ మీద అద్దె ఇల్లు కాబట్టి మనుషులం బయటపడ్డాం. గోడౌన్ రోజుల తరబడి నానింది. నీళ్ళు తీశాక షట్టరు లేపితే, పుస్తకాలు ఉబ్బిపోయి ర్యాకుల ఇనుప పట్టీలను వంచేసి ఉన్నాయి. కాగితానికి అంత బలం ఉంటుందని నాకప్పటిదాకా తెలీదు. ఓనరు గారు నెలరోజులు తంటాలు పడి అక్టోబరులో మూసేశారు. ఆయన్ని తప్పుపట్టను. పీఎఫ్‌లో నేను మానేసిన తేదీ వేయకుండా ఫోన్ ఎత్తడం మానేశారు, అంతవరకే నా కోపం.

తర్వాత గవర్నర్‌పేట, వన్‌టౌన్, ఆటోనగర్, తిరగని కొట్టు లేదు. వయసు అడిగి కాఫీ ఇచ్చి పంపినవాళ్ళు కొందరు, కాఫీ కూడా ఇవ్వనివాళ్ళు కొందరు. డిగ్రీ అయిన కొత్తలో మా నాన్నగారు ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజిలో పేరు రాయించి, మూడేళ్ళకోసారి రెన్యువల్‌కి లైన్లో నిలబెట్టేవారు. ఒక్క కాల్ లెటర్ రాలేదు. అలాంటి సాయాల మీద నాకు నమ్మకం పోయింది అక్కడే. అయినా గన్నవరం ఎయిర్‌పోర్టులో బిల్లింగ్ ఉద్యోగం అనేసరికి నమ్మాను. ఒక కన్సల్టెన్సీ వాడు 4,500 పట్టుకుపోయాడు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు. ఇది చదివి మా ఆవిడకి తెలిస్తే తెలిసింది.

సంక్రాంతి వెళ్ళాక పక్కింటి ఆటో అన్న బలవంతాన పటమట తీసుకెళ్ళాడు. ఒక టేబులు, పాత కంప్యూటరు, నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు. అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో. "కూర్చోండి బాబాయ్ గారూ" అని మంచినీళ్ళిచ్చింది. ఏ ఉద్యోగం కావాలని అడుగుతుందనుకున్నాను. "మీకు జీతంలో ఈఎస్‌ఐ కట్ అయ్యేదా?" అని అడిగింది.

అయ్యేది. ఈఎస్‌ఐ అంటే చిన్న జీతాల ఉద్యోగులకి ఉండే బీమా. నా జీతం 16,000, అప్పటికి ఈఎస్‌ఐకి జీతం పరిమితి 21,000. కార్డు ఉంటే గుణదల ఆసుపత్రిలో చూస్తారని తెలుసు గానీ, ఉద్యోగం పోయినా దాని కింద డబ్బు వస్తుందని తెలీదు. అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన అంటారట. కనీసం రెండేళ్ళు ఈఎస్‌ఐ కింద పనిచేసి, చందాల లెక్క సరిపోతే, అప్పటి రూలు ప్రకారం సగటు రోజు జీతంలో సగం చొప్పున 90 రోజుల దాకా ఇచ్చేవారు. జీవితంలో ఒక్కసారే. ఆన్‌లైన్‌లో పెట్టించింది, డబ్బు నేరుగా బ్యాంకులో పడింది. ఇన్నేళ్ళు నెలనెలా కోత పడుతూనే ఉంది, ఈ ముక్క చెప్పిన మనిషి లేడు. పీఎఫ్ తేదీ సంగతీ అంతే. ఆఖరి చందా పడ్డ రెండు నెలల తర్వాత ఆధార్ ఓటీపీతో మనమే వేసుకోవచ్చట. ఐదు నిమిషాల పని. దానికోసం నేను ఓనరు గారి ఇంటి చుట్టూ ఎన్నిసార్లు తిరిగానో!

మాస్టారు రిటైరైన బ్యాంకు ఆఫీసరు. మూడు పేజీల నా బయోడేటాలో "హాబీలు: క్యారమ్స్" దగ్గర ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "స్టాకులో వంద పుస్తకాలు తక్కువొస్తే ఏం చేసేవాడివి నాయనా?" అని అడిగారు. చెప్పుకుంటూ పోయాను. బిల్లులు, లారీ చీటీలు, చివరికి ఏ బండిలో తేడా వచ్చిందో పట్టుకున్న రోజుల గురించి. ఆయన రాసుకుంటూ పోయారు. ఆ కాగితమే నా కొత్త బయోడేటా అయింది, ఒక్క పేజీ. ఉద్యోగాల కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే ఎన్‌సీఎస్ (నేషనల్ కెరీర్ సర్వీస్) పోర్టల్‌లో కూడా నమోదు చేయించారు. దానికి పైసా కట్టక్కర్లేదు. ఉద్యోగం కోసం ఎవరైనా ముందే డబ్బడిగితే లేచి వచ్చెయ్యమన్నారు. నేను తల వంచుకున్నాను.

ఫిబ్రవరిలో గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీలో అకౌంట్స్ పని దొరికింది. అది ధర పడిపోయిన ఏడాది. అమ్మలేక రైతులు సరుకు స్టోరేజీలకి తోలుతున్నారు. ట్రాక్టర్ల మీద ట్రాక్టర్లు. నోటు పుస్తకాలు లెక్కపెట్టిన చేతికి టిక్కీలు (మిర్చి బస్తాలు), లాట్లు (ఒక్కో రైతు సరుకు), బాండ్లు (సరుకు దాచినందుకు రైతుకిచ్చే రసీదులు), తేజ రకం ఏది, రంగు పోయిన తాలు కాయ ఏది, అన్నీ కొత్తే. నా టేబులు లోడింగ్ తలుపు పక్కనే. ఘాటుకి పొద్దస్తమానం దగ్గు. ఒకసారి మరిచిపోయి కన్ను తుడుచుకున్నాను, ఆ మధ్యాహ్నం ఇక పని లేదు.

మూడో వారంలో ఒకే పేరున్న ఇద్దరు రైతుల దగ్గర పొరపడ్డాను. ఒకరి 60 టిక్కీలు ఇంకొకరి లాటులో ఎక్కించాను. సూపర్‌వైజరు, ఇరవై ఏడేళ్ళ కుర్రాడు, హమాలీలందరి ముందూ "నీకు చదువొచ్చా?" అన్నాడు. ఏమీ అనకుండా సాయంత్రం స్టేషన్‌కి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. రేపట్నుంచి రాకూడదని తేల్చుకున్నాను.

అప్పుడు ఫోన్ మోగింది. నిజానికి అందులో మహత్యం ఏమీ లేదు. జాయినైన రోజు, వారానికి, మూడు వారాలకి, తర్వాత నెలనెలా ఆర్నెల్ల దాకా ఫోన్ చెయ్యడం వాళ్ళ పద్ధతి. ఆ రోజు నా వంతు వచ్చిందంతే.

"రేపట్నుంచి వెళ్ళనమ్మా" అన్నాను. ఎందుకని అడగలేదు, బుజ్జగించలేదు. "రైలు ఎన్నింటికి బాబాయ్ గారూ?" అంది. ఇంకో ఇరవై నిమిషాలుందన్నాను. "అయితే ఈ ఇరవై నిమిషాల్లో ఎక్కడెక్కడ ఆగిపోతున్నారో రాసి నాకు పంపండి. మానేసే సంగతి రేపు మాట్లాడుకుందాం."

జేబులో కాటా చీటీ ఉంది. దాని వెనక రాశాను. ఎక్సెల్‌లో లాటు వెతకడం రావట్లేదు. దగ్గు. పొద్దున రైలు లేటైతే తిట్లు. నాలుగోది రాసి కొట్టేశాను, మళ్ళీ రాశాను: నువ్వు అంటున్నాడు. మంగళగిరి దాటాక ఫోటో తీసి పంపాను.

ముందు నన్ను అడిగి, మర్నాడు మా మేనేజర్ గారికి ఫోన్ చేసింది. టేబులు లోపలి గదికి మారింది, మాస్కులు వచ్చాయి. రైలు వేళకి తగ్గట్టు నా టైము అరగంట వెనక్కి జరిగింది, సాయంత్రం అరగంట ఎక్కువుంటాను. ఎక్సెల్ సంగతి ఆ సాయంత్రపు డిగ్రీ కుర్రాడు చూసుకున్నాడు, రెండు ఆదివారాలు పటమటలో కూర్చోబెట్టి నేర్పాడు. పేరుతో కాదు, బాండు నంబరుతో వెతకాలన్న ఒక్క కిటుకుతో నా సగం టెన్షన్ పోయింది. నాలుగోదాని గురించి మేనేజర్‌తో ఆమె ఏం మాట్లాడిందో నాకు చెప్పలేదు. "ఆ అబ్బాయికీ ఇదే మొదటి సీజనట బాబాయ్ గారూ" అని మాత్రం అంది. ఇప్పుడు ఆ కుర్రాడు అంకుల్ అంటాడు, కొన్నిసార్లు టిఫిన్ బాక్సులో చెయ్యి కూడా పెడతాడు.

ఉద్యోగం చూపించేవాళ్ళు అక్కడక్కడా ఉంటారు. చేరిన మూడు వారాలకి నువ్వింకా అక్కడే ఉన్నావా అని అడిగేవాళ్ళని నేను వేరే ఎక్కడా చూడలేదు. అమ్మా, నీకు, మాస్టారికి, ఆ కుర్రాడికి మా ఇంటిల్లిపాదీ కృతజ్ఞతలు. నన్ను లాక్కెళ్ళిన ఆటో అన్నకి కూడా.

ఆగస్టులో ఆఖరి ఫోన్ చేసి, "ఇక నెలనెలా విసిగించను" అంది. గుంటూరు నుంచి కారం తెస్తానంటే వద్దంది. సాయం పొందినవాళ్ళ దగ్గర ఏదీ తీసుకోకూడదని వాళ్ళ రూలట. వాళ్ళమ్మగారికి ఆ రూలు వర్తించదు కదా. తొడిమలు తీసిన తేజ కాయలు రెండు కిలోలు కట్టించి ఉంచాను, ఆదివారం వాళ్ళింటికే వెళ్తున్నాను.