సుబేదారూ, చిన్నోడి సంగతి విను

యాష్‌బర్న్, వర్జీనియా
2024 ఆగస్టు 31, శనివారం

ఒరేయ్ సుబేదారూ,

నీ ఉత్తరం వచ్చి మూడు నెలలైంది, జవాబు ఇప్పటికి రాస్తున్నాను. తిట్టుకో, పడతాను. ఫోన్ చెయ్యొచ్చుగా అంటావు. ఈ విషయం ఫోన్లో చెప్పాలంటే గొంతు పెగలడం లేదురా. ముందు మామూలు కబుర్లు: మేమంతా బాగున్నాం, పెద్దది కాలేజీలో చేరింది, నువ్వు పంపిన మాగాయ ఎప్పుడో అయిపోయింది. అంతే.

ఇప్పుడు అసలు సంగతి. మా అక్క కొడుకు, అదే నీ శిష్యుడు. వేసవి సెలవులకి మాధవరం వస్తే తెల్లారకుండానే లేపి చెరువు గట్టు మీద పరిగెత్తించేవాడివే, వాడు. ఇంటికో సిపాయి ఉన్న ఊళ్లో పదేళ్లవాడు నీ వెనకాల లెఫ్ట్ రైట్ కొట్టుకుంటూ తిరిగితే వాడికి ఇంకేం కోరిక పుడుతుంది? ఇక్కడి ఆర్మీలో చేరతానన్నాడు, రెండేళ్ల కిందట వెళ్లాడు, మోకాలు బాలేదని పంపేశారన్నాడు. మనమంతా నమ్మాం. "ఒట్టేసి చెప్పు" అని నువ్వు అడిగితే నవ్వేసి ఫోన్ పెట్టేశాడు, గుర్తుందా? అప్పుడే అనుమానించాల్సింది.

అది మోకాలు కాదురా. రక్తపరీక్షలో హెచ్‌ఐవీ అని తేలింది.

పదకొండు రోజుల కిందట, మంగళవారం రాత్రి వచ్చి చెప్పాడు. అన్నం ముందు కూర్చుని ఫోన్ తీసి, "మామయ్యా, ఇది చదువు" అన్నాడు. కోర్టు తీర్పు. చదివాను, ఏమీ అర్థం కాలేదు. ఇది నాకెందుకు చూపిస్తున్నావురా అన్నాను. "నా గురించే" అన్నాడు.

ఒక్క మాట నిజం చెప్తాను, నీకు తప్ప ఎవరికీ చెప్పను. వాడు ఆ మాట అనగానే నా చూపు వాడు తాగుతున్న గ్లాసు మీదికి పోయింది. క్షణం కూడా కాదు. వాడు చూశాడు. ఏమీ అనకుండా గ్లాసు కాస్త తన వైపు జరుపుకున్నాడు. ఆ జరుపుకోవడం తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టుంది. గ్లాసు వల్ల, పక్కన తినడం వల్ల అది రాదని నాకు తెలియదా? తెలుసు. అయినా పోయింది చూపు.

ఎక్కడిదో చెప్పనా ఆ భయం? గోడల మీద, బస్సుల మీద "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" అని రాసిన రోజులు గుర్తున్నాయిగా. లారీ తోలే అన్న చిక్కిపోతుంటే మనం ఆయనకి ఆ పేరే పెట్టాం. నువ్వు సెలవు మీద వచ్చినప్పుడల్లా అదే జోకు. 2004 ఏప్రిల్‌లో మన దేశంలో ఉచితంగా మందులివ్వడం మొదలైంది, అప్పటికే ఆయన లేడు. ఆ పేరు ఇక మన మధ్య వద్దురా.

సరే, తీర్పు సంగతి. మా ఇంటికి ముక్కాలు గంట దూరంలో అలెగ్జాండ్రియా కోర్టు ఉంది, అక్కడి జడ్జి లియోనీ బ్రింకెమా. 1985 నుంచీ ఇక్కడి సైన్యంలో చేరేవాళ్లకి హెచ్‌ఐవీ పరీక్ష చేస్తున్నారు, ఉందంటే ఇంటికే. ఐజయా విల్కిన్స్ అని జార్జియా నేషనల్ గార్డులో పనిచేసిన కుర్రాడు, వెస్ట్ పాయింట్‌కి, అంటే ఇక్కడి ఆర్మీ అకాడమీకి, తయారుచేసే స్కూల్లో చేరబోతుంటే అదే తేలింది, ఆపేశారు. అతను 2022లో కేసు వేశాడు. ఇంకో ఇద్దరూ కలిశారు, వాళ్లు మారుపేర్లతో. "నేనైతే నా పేరు పెట్టగలనా మామయ్యా?" అని అడిగాడు చిన్నోడు. ఏం చెప్పను?

నువ్వు సిపాయివి, నీకిది వెంటనే తెలుస్తుంది. 2022 ఏప్రిల్‌లో ఇదే జడ్జి, సర్వీసులో ఉండగా హెచ్‌ఐవీ వచ్చినవాళ్లని, రక్తంలో వైరస్ కనిపించనంత తగ్గితే, ఆ ఒక్క కారణంతో తీసెయ్యకూడదని, విదేశాలకి పంపకుండా ఆపకూడదని చెప్పింది. అంటే లోపలున్నవాడు అదే మాత్ర వేసుకుని తుపాకీ పట్టొచ్చు, బయటున్నవాడు గేటు కూడా దాటకూడదు! ఈ నెల 20న ఆ గేటు కూడా తియ్యమంది. ఈ నిషేధానికి అర్థం లేదు, జబ్బున్నవాళ్ల మీద మచ్చని ఇంకా పెంచుతోంది, సైన్యానికి మనుషులు దొరక్కుండా కూడా చేస్తోంది అని రాసింది. మనుషులు దొరకడం లేదన్నది నిజమే, 2022లో ఇక్కడి ఆర్మీ 60,000 మందిని తీసుకోవాలనుకుంటే సుమారు 15,000 తక్కువ పడ్డారు.

యుద్ధంలో మందు అందకపోతే? ఒకరి రక్తం ఒకరికి ఎక్కించాల్సి వస్తే? ప్రభుత్వం తరఫువాళ్లు ఇలాంటివే అడిగారు, నువ్వూ అడుగుతావు. నేనూ అడిగాను. వాడు జేబులోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాడు. రోజుకి ఒక్క మాత్ర. ఫ్రిజ్ అక్కర్లేదు. మొదలుపెట్టిన మూడు నెలల్లోనే వైరస్ పరీక్షకి అందనంత తగ్గిపోయింది. మిల్లీలీటరు రక్తంలో 200 కన్నా తక్కువే ఉంటే శృంగారం వల్ల కూడా ఇంకొకరికి అంటదు, అది పెద్ద పెద్ద పరిశోధనల్లో తేలిందే. రక్తం మాత్రం వాడు ఎవరికీ ఇవ్వకూడదు. అది వాడికి మనకంటే బాగా తెలుసు. రక్తం అంటే గుర్తొచ్చింది, 2002లో ఆపరేషన్ పరాక్రమ్ అని బోర్డర్‌కి సైన్యాన్ని తరలించినప్పుడు జమ్మూలో సాంబా దగ్గర మిలటరీ ఆసుపత్రిలో రక్తం ఎక్కించుకున్న మన వాయుసేన జవాను సంగతి పోయిన ఏడాది నువ్వే చెప్పావు. జబ్బని 2014లో తెలిసింది, పోయిన సెప్టెంబరులో సుప్రీంకోర్టు ఒకటిన్నర కోటి పైన ఇప్పించింది. "నేనూ ఆ బోర్డర్లోనే ఉన్నాను, ఆ మంచం మీద నేనైనా ఉండొచ్చు" అన్నావు. ఆ మాట చిన్నోడికి చెప్పాను. మొదటిసారి ఏడ్చాడురా.

ప్రభుత్వం అప్పీలుకి వెళ్తే మళ్లీ ఎన్నాళ్లో... అయినా వాడు పొద్దున్నే పరుగు మొదలుపెట్టాడు. నువ్వు నేర్పిన లెక్కే, ఐదు కిలోమీటర్లు.

నీకు రాయమన్నది వాడే. "సుబేదార్ మామయ్యకి తెలియాలి" అన్నాడు. అక్కకి ఇంకా తెలియదు. ఇవాళ ఇద్దరం వెళ్లి చెప్తున్నాం. నీకు తెలుసుగా అక్క సంగతి, నా మాట వినదు, డాక్టరు మాట వినదు, నీ మాట వింటుంది. నీకు కచ్చితంగా ఫోన్ చేస్తుంది. వాడు బతుకుతాడా అనే అడుగుతుంది ముందు. మందు వేసుకుంటే అందరిలాగే బతుకుతాడని చెప్పు. ఎలా వచ్చింది, ఎవరి వల్ల అని అడిగితే మాత్రం నువ్వు

హారన్ వినిపిస్తోంది, వాడొచ్చేశాడు. కవరు దారిలో పోస్టు చేస్తాను. అక్కకి మాత్రం నీకు ఉత్తరం రాశాననీ, అది అందేదాకా ఫోన్ చెయ్యొద్దనీ చెప్తాను. ఇది అందిన దగ్గర్నుంచీ ఫోన్ దగ్గరే ఉండు.

నీ
బావ