గొలుసుకట్టు చెరువుల ఊరికి గొలుసుకట్టు పార్కులు కావాలి

కాకతీయ పట్టణాభివృద్ధి సంస్థ వైస్ చైర్మన్ గారికి,

నమస్కారం. నేను హనుమకొండలో పిల్లలకు సైన్స్ చెప్పే టీచర్‌ని. పోయిన ఎండాకాలం మా కాలనీ పార్కులో జరిగిన ఒక సంగతి మీకు చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను.

పార్కు మూలన మునగచెట్టుకు ఒక ఎండుకొమ్మ ఉండేది. ఒకరోజు పొద్దున దాని కింద సన్నటి రంపపు పొట్టు రాలి కనిపించింది. తలెత్తి చూస్తే నిమ్మకాయ పట్టేంత తొర్ర, అందులోంచి తొంగిచూస్తూ కంసాలి పిట్ట. పిడికిలంత ఉంటుంది. పచ్చటి ఒళ్లు, నుదుటి మీద కుంకుమ పెట్టినట్టు ఎర్రటి మచ్చ. రాగిబిందె మీద సుత్తితో కొట్టినట్టు టుక్ టుక్‌మని అరిచేది ఇదే. లోపలికి దూరి నోటినిండా పొట్టు తెచ్చి బయటికి విదిలించేది. అది అలసిపోతే దాని జోడు వచ్చి తొలిచేది. వారం రోజులు వాకింగ్ మానేసి అక్కడే నిలబడి చూశాను. ఎనిమిదో రోజు పోయేసరికి కొమ్మ లేదు. పార్కు శుభ్రం చేస్తూ ఎండుకొమ్మలన్నీ కొట్టేశారు. కట్టెల కుప్పలో తొర్ర ఉన్న ముక్క కూడా ఉంది. నేను స్కూలుకు బయల్దేరేదాకా ఆ జంట పక్కనున్న కరెంటు తీగ మీదే కూర్చుని ఉంది.

కొట్టినవాళ్ల మీద నాకు కోపం లేదు. పార్కంటే లాన్, టైల్స్, నున్నగా కత్తిరించిన మొక్కలు అని మనమే వాళ్లకు చెప్పాం. నన్ను అప్పటినుంచి తొలుస్తున్న ప్రశ్న వేరే. ఆ జంట అక్కణ్నుంచి ఎటు పోవాలి? మా పార్కు చుట్టూ మూడు, నాలుగు అంతస్తుల ఇళ్లు, ఒకవైపు పెద్ద రోడ్డు. కనుచూపు మేరలో ఇంకో పెద్ద చెట్టు లేదు.

మన నగరం మ్యాపు ఒకసారి ముందు పెట్టుకుని చూడండి. వడ్డేపల్లి చెరువు, ఎన్ఐటీ క్యాంపస్, పబ్లిక్ గార్డెన్, పద్మాక్షి గుట్ట, హంటర్ రోడ్డులో జూపార్కు, భద్రకాళి చెరువు, అటు చివర వరంగల్ కోట. ఇంత పచ్చదనం ఉండీ ఇవన్నీ దేనికది విడిగా ఉన్నాయి. కాకులకు, పావురాలకు ఇబ్బంది లేదు, ఎక్కడినుంచి ఎక్కడికైనా ఎగిరిపోతాయి. ఆకులు కుట్టి గూడు కట్టుకునే చిన్న పిట్టల్లాంటివి అలా కాదు. పొద నుంచి పొదకు, కొమ్మ నుంచి కొమ్మకు పోతాయి. నడుమ ఉత్త కాంక్రీటు వస్తే వెనకాడతాయి.

పిట్టకు ఒక్క పార్కు ఏడాదంతా తిండి పెట్టలేదు. రావి, మర్రి, జువ్వి, మేడి చెట్లన్నీ ఒకేసారి పండవు, ఒక్కో చెట్టుది ఒక్కో వేళ. ఈ నెల ఇక్కడ రావి పండితే పై నెల ఇంకెక్కడో గుడి దగ్గర మర్రి పండుతుంది. కంసాలి పిట్టలు, కోయిలలు, గోరింకలు ఆ పండ్ల వెంట తిరుగుతూ బతుకుతాయి. దారి తెగితే పండు ఉండీ లాభం లేదు.

ఈ లెక్క మన నేలకు కొత్తేమీ కాదు సార్. కాకతీయులు చెరువులను గొలుసుకట్టుగా తవ్వించారు. ఎగువ చెరువు నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది చెరువుకు చేరేవి. ఏ చెరువునూ ఒంటరిగా వదల్లేదు. పార్కులకూ అలాంటి గొలుసు కావాలని అడుగుతున్నాను. సింగపూర్ వాళ్లు పార్కు నుంచి పార్కుకు 300 కిలోమీటర్లకు పైగా పచ్చని దారులు వేసుకున్నారు. మనకు అంత అక్కర్లేదు. వడ్డేపల్లి నుంచి కోట దాకా పదీ పన్నెండు కిలోమీటర్లు కలిపితే చాలు.

దానికి కొత్తగా భూమి కొననక్కర్లేదు. 2020 ఆగస్టులో, 2023 జులైలో వచ్చిన వరదల తర్వాత నాలాల ఒడ్లు కాపాడుకోవాలని అందరికీ తెలిసొచ్చింది. నయీంనగర్ నాలా, బొందివాగు ఒడ్ల వెంట జాగా ఉన్నచోటల్లా ఒక వరుస మేడి, నేరేడు, కానుగ, వేప పెట్టించండి. వాటి కింద పొదలు ఉండనివ్వండి. తంగేడు పెట్టండి, గునుగు మొలవనివ్వండి. బతుకమ్మ వస్తే మా ఆడవాళ్లు తంగేడు పూల కోసం ఎంతెంత దూరం పోతున్నారో మీకు తెలియంది కాదు. ఆ పూల మీద వాలే పురుగులే పిట్టపిల్లల తిండి. గింజలు తినే పిచ్చుక కూడా పిల్లలకు పురుగులే తెచ్చిపెడుతుంది. డివైడర్లలో ఇంకా ఉన్న కోనోకార్పస్ అనే విదేశీ చెట్ల మీద పిట్టకు తినడానికి దాదాపు ఏమీ దొరకదు. వాటిని విడతలవారీగా మార్చండి.

కొమ్మల కటింగ్ ఫిబ్రవరి నుంచి జులై దాకా ఆపించండి, చాలా పిట్టలు గూళ్లు పెట్టే కాలం అది. మనుషుల మీద పడే ప్రమాదం లేని ఎండుకొమ్మను వదిలేయమనండి. ప్రతి పార్కులో ఒక మూల ఊడవకుండా, లైట్లు వేయకుండా వదిలేయమనండి.

దసరా రోజు పాలపిట్టను చూడాలని మా పిల్లలు అడుగుతారు. మన రాష్ట్ర పక్షి అది. చెట్టు తొర్రలో గూడు పెట్టి, తీగ మీద కూర్చుని కింద గడ్డిలో పురుగు కోసం చూస్తుంది. ఊళ్లో తొర్ర ఉన్న చెట్టూ లేదు, గడ్డి ఉన్న ఖాళీ జాగా లేదు. పంజరంలో పెట్టి తెచ్చి డబ్బులు తీసుకుని చూపించేవాళ్ల దగ్గరికి పిల్లల్ని తీసుకుపోవడం నా వల్ల కాదు.

అంతా ఒక్క ఏడాదిలో చేయమనడం లేదు. ఈ వానాకాలంలో ఒక్క ముక్క మొదలుపెట్టండి: పబ్లిక్ గార్డెన్ నుంచి భద్రకాళి బండ్ దాకా. మా స్కూలు వరండాలో నలభై మేడి, నేరేడు మొక్కలు కవర్లలో ఉన్నాయి. ఏడో తరగతి పిల్లలు వంతులేసుకుని నీళ్లు పోస్తున్నారు. ఎక్కడ గుంత తీయమంటారో చెప్పండి, తెచ్చి నాటుతాం.

ఇట్లు,
హనుమకొండ నుంచి ఒక టీచర్