బస్తర్ నిర్వాసిత కుటుంబాల సహాయం: ఈ ఏడాది జమా ఖర్చుల వివరణ

దాతలకు నమస్కారం. 2005 జూన్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్‌లో సల్వాజుడుం (మావోయిస్టులకు వ్యతిరేకంగా ప్రభుత్వం అండతో నడిచిన సాయుధ ఉద్యమం) మొదలయ్యాక, జుడుంకూ మావోయిస్టులకూ నడుమ నలిగి గోదావరి అడవులకు తరలివచ్చిన మురియా కుటుంబాల (ఇక్కడ గొత్తికోయలంటారు) కోసం మీరిచ్చిన సొమ్ము లెక్క ఇది.

పాత నిల్వ రూ.22,180, విరాళాలు రూ.1,84,500, బ్యాంకు వడ్డీ రూ.1,320. మొత్తం జమ రూ.2,08,000. ఖర్చు రూ.1,80,400.

అన్నిటికన్నా పెద్ద పద్దు కాగితాలది: రూ.71,400. దుప్పట్లకని ఇచ్చిన డబ్బును ఆఫీసుల చుట్టూ తిరగడానికి పెట్టారేమని కొందరు అడిగారు. అడగదగిన ప్రశ్నే. ఎస్టీ ధ్రువపత్రానికి సొంత రాష్ట్రం నుంచి ఆధారం తెమ్మంటారు. ఆ ఆధారం ఇంటితోపాటే కాలిపోయిందని రాయడానికి దరఖాస్తులో గడి ఉండదు. అందుకే బస్తర్‌లోని వాళ్ల సొంత జిల్లాలు సుక్మా, బీజాపూర్‌లకు జీపు కిరాయిలు, నోటరీ, ఫొటోలు, జెరాక్సులు. ఒక తండ్రి పేరు చిరిగిన పాత రేషన్ కార్డులో ఒకలా, ఇక్కడి ఆధార్‌లో మరోలా, కొడుకు బడి రిజిస్టరులో ఇంకోలా ఉంది. ముగ్గురూ ఒక్కరేనని అఫిడవిట్ చేయించాం. పిల్లలు గుడిసెల్లోనే పుట్టారు, జనన నమోదు లేదు. ఏడాది దాటితే ఆర్డీవో ఉత్తర్వు కావాలి. ఊరు వదిలింది తాతలు, రుజువులు చూపాల్సింది మనవలు.

కోయ మాట్లాడే యువకుడికి నెలకు రూ.6,000 చొప్పున పది నెలలకు రూ.60,000 ఇచ్చాం. ఒకటో తరగతిలో పంతులు చెప్పే తెలుగు అర్థంకాక పిల్లలు బడి మానేస్తున్నారు. ఈయన పక్కన కూర్చుని రెండు భాషల్లోనూ చెబుతాడు. ఈ పద్దును వచ్చే ఏడాదీ తగ్గించం.

చెలమ నీరు తాగే గూడెంలో సిమెంటు వరలతో బావికి రూ.28,700, టార్పాలిన్లు, దోమతెరలకు రూ.19,200, రసీదు పుస్తకాలకు రూ.1,100.

ఇళ్లు ఎందుకు కట్టించలేదంటే, అటవీ హక్కుల చట్టం భూమి హక్కు ఇచ్చేది 2005 డిసెంబర్ 13 నాటికే అడవి భూమి సాగులో ఉన్నవారికి. జుడుం మొదలై అప్పటికి ఆరు నెలలే. ఆ తర్వాత వచ్చి పోడు కొట్టుకున్నవారు అటవీశాఖ లెక్కలో ఆక్రమణదారులే. ఎప్పుడు ఖాళీ చేయిస్తారో తెలియని చోట ఇటుకలు పేర్చడమంటే మీ సొమ్ముతో జూదమాడడమే.

నిల్వ రూ.27,600 బ్యాంకులో ఉంది. వానాకాలం జ్వరాల రోజుల్లో ఆసుపత్రికి తీసుకెళ్లే బండి కిరాయిలకు దీన్ని కదలకుండా ఉంచాం. రసీదులు, వోచర్లు కోశాధికారి వద్ద ఎవరైనా చూడవచ్చు.