"క్వారంటైన్ పూర్తయింది" అని నమ్మించి అమ్మిన చేప గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ విభాగానికి,

నమస్కారం. గత నెల మీ దగ్గర ఒక యెల్లో టాంగ్ (పసుపు రంగు సముద్రపు చేప) కొన్నాను. దాంతో వచ్చిన కాగితం మీద "క్వారంటైన్ పూర్తయింది, నేరుగా ట్యాంకులో వదలవచ్చు" అని రాసి ఉంది.

క్వారంటైన్‌కి నా దగ్గర విడిగా ఒక చిన్న ట్యాంకు ఉంది. కానీ టాంగ్ రోజంతా ఈదే చేప. ఇసుకా రాళ్లూ లేని ఇరుకు ట్యాంకులో వారాల తరబడి ఉంచితే బెదిరి తిండి మానేస్తుందేమోనని రెండు రోజులు తేల్చుకోలేకపోయాను. చివరికి మీ మాట నమ్మి పెద్ద ట్యాంకులోనే వదిలాను.

ఐదో రోజుకి రెక్కల మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు కనిపించాయి. మెరైన్ ఇక్, అంటే సముద్రపు చేపలకి ఒక పరాన్నజీవి వల్ల వచ్చే తెల్ల చుక్కల జబ్బు. మూడు రోజుల్లో చుక్కలు పోయాయి కానీ జబ్బు పోలేదు. ఆ పరాన్నజీవి చేపని వదిలి, ఇసుకలో గూడు కట్టుకుని, వందల్లో పిల్లలై మళ్లీ చేపల మీదకి వస్తుంది. రెండోసారి అన్ని చేపలకీ పట్టుకుంది. టాంగ్ పోయింది. నాలుగేళ్లుగా పెంచుకున్న క్లౌన్ ఫిష్ కూడా పోయింది. దాని గురించి ఇంకా రాయలేను.

పగడాలు, రొయ్యలు ఉన్న ట్యాంకులో ఈ పరాన్నజీవిని చంపే రాగి మందు వేస్తే అవీ చచ్చిపోతాయి. అందుకని రాళ్లన్నీ ఎత్తి, మిగిలిన మూడు చేపలనీ పట్టి విడిగా వైద్యం చేస్తున్నాను. అందులో మిగిలిన పరాన్నజీవులు చేపలు దొరక్క చచ్చేదాకా, పెద్ద ట్యాంకుని 76 రోజులు చేపలు లేకుండా ఉంచాలి.

ఫోన్ చేస్తే మీ ఉద్యోగి, "మా దగ్గర పది రోజులు బాగానే ఉంది, మా నీళ్లలో ఎప్పుడూ కొంచెం రాగి ఉంటుంది" అన్నారు. నా అసలు ఫిర్యాదు ఇదే. కొంచెం రాగి జబ్బుని అణిచి ఉంచుతుందే తప్ప నయం చేయదు. రాగి లేని నీళ్లలోకి రాగానే అది బయటపడుతుంది. చిలేటెడ్ రాగి (నీళ్లలో నిలకడగా ఉండేలా వేరే పదార్థంతో కట్టిన రాగి) అయితే 2 నుంచి 2.5 పీపీఎం (పది లక్షల భాగాల నీళ్లకి 2 నుంచి 2.5 భాగాలు) మోతాదు పడిపోకుండా 30 రోజులు ఉంచాలని అందరూ చెప్పేదే. మధ్యలో అదే నీళ్లలోకి కొత్త చేప వస్తే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. పది రోజులు తొట్టెలో ఉంచడాన్ని క్వారంటైన్ అనకండి.

టాంగ్ ఖరీదు తిరిగి ఇవ్వండి. క్లౌన్ ఫిష్‌కి మీరు ఇవ్వగలిగింది ఏమీ లేదు, అడగను. కానీ ఆ కాగితం మీద మాట మార్చండి. ఎన్ని రోజులు ఉంచారు, ఏ మందు, ఎంత మోతాదు, వేరే చేపలతో నీళ్లు కలిశాయా అన్నది రాయండి. క్వారంటైన్ చేయకపోతే చేయలేదనే రాయండి. అది చూసి కొనేవాళ్లు తమ ఇంట్లో చేసుకుంటారు. నేనూ చేసుకునేదాన్ని.

బిల్లు, ఆ కాగితం, చేపల ఫోటోలు జతచేశాను. పది రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబు ఇవ్వగలరు.

ఇట్లు,
మీ కస్టమర్