మంత్రి గారూ, ఆ రెండో దారి తెరిపించండి

గౌరవనీయులైన సాంస్కృతిక శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. ఇది మీకు నేను రాస్తున్న ఐదో ఉత్తరం. మొదటి నాలుగూ మీ పేషీలో ఇచ్చి, ముద్ర వేయించుకుని రసీదులు తెచ్చుకున్నాను. రసీదులు నా దగ్గర భద్రంగా ఉన్నాయి. ఉత్తరాలే ఎక్కడున్నాయో తెలియడం లేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను. కోప్పడకండి.

యుద్ధకాలంలో బాంబుల నుంచి తలదాచుకోవడానికి నేల కింద కట్టిన పాత షెల్టర్‌లో యుద్ధం మీద వీడియోలు చూపించాలన్న ఆలోచన మీదే, రిబ్బన్ కత్తిరించిందీ మీరే. కాబట్టి ఆ పథకం గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. నా మొరంతా ఒక్క దారి గురించే.

ఆ షెల్టర్ కట్టినవాళ్లు దానికి రెండు దారులు పెట్టారు. ఒకటి మెట్లదారి. రెండోది అవతలి చివర, మనిషి వంగి నడవగలిగే చిన్న సొరంగం, దాని కొసన పైకెక్కడానికి ఇనుప నిచ్చెన. పైనున్న భవనం కూలి మెట్లు మూసుకుపోతే లోపలివాళ్లు శిథిలాలకు దూరంగా బయటపడాలని ఆ ఏర్పాటు. నెత్తిన బాంబులు పడుతున్న రోజుల్లో కూడా వాళ్లు ఆ ఖర్చుకు వెనకాడలేదు. అంతా సద్దుమణిగాక, పైన కార్లు నిలపడానికి నేల చదును చేస్తూ మనవాళ్లు ఆ దారిని మట్టితో పూడ్చేశారు.

ఇప్పుడు అగ్నిమాపక శాఖవాళ్లు ఒకసారికి 15 మందికి మించి లోపలికి పంపొద్దన్నారు. వాళ్లను నేను తప్పుపట్టను. చీకటి గది, వేడెక్కే ప్రొజెక్టర్లు, బయటికి ఒకే దారి. వాళ్ల స్థానంలో నేనున్నా అదే రాసేవాణ్ణి. మీ ప్రారంభోత్సవం రోజు లోపల వంద మందికి పైగా ఉన్నాం. ఆ రోజు ఎవరూ లెక్కపెట్టలేదు లెండి. నెల తిరిగేలోగా రెండో దారి తెరిపిస్తామని మీరే మైకులో అన్నారు, మేమంతా చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత రెండు వానాకాలాలు గడిచిపోయాయి.

నాలుగో అర్జీకి మాత్రం ఒక జవాబు వచ్చింది. ప్రేక్షకులు తక్కువగా వస్తున్నందున అంత ఖర్చు పెట్టడం సమంజసం కాదట! దారి లేదు కాబట్టి జనాన్ని పంపకూడదు, జనం రావడం లేదు కాబట్టి దారి అక్కర్లేదు. ఈ జవాబు రాసిన అధికారి ఎవరో గానీ, ఆయనకు నా నమస్కారం.

మొన్న ఒక బడి నుంచి 40 మంది పిల్లలొచ్చారు. మూడు జట్లుగా విడగొట్టాం. ఒక్కో జట్టుకు అరగంట. మూడో జట్టు వంతు వచ్చేసరికి వాళ్ల బస్సు టైమైపోయింది. రెండో జట్టులో ఒక బాబు, తెర మీద పేలుడు మెరిసినప్పుడల్లా పక్క గోడ మీద కనబడి మాయమవుతున్న బాణం గుర్తును చూశాడు. యుద్ధకాలంలో పెయింట్‌తో వేసిన బాణం, ఇంకా చెరిగిపోలేదు. అది చూపించిన వైపే వెళ్లి వెంటనే తిరిగొచ్చాడు. "అంకుల్, అక్కడ దారి లేదు, మట్టి ఉంది" అన్నాడు. ఏం చెప్పాలో తోచక, సినిమా చూడు నాన్నా అన్నాను.

చిన్నప్పుడు అదే షెల్టర్‌లో తలదాచుకున్న ఒక పెద్దావిడ మా వీడియో ఒకదానిలో మాట్లాడింది. సైరన్ మోగగానే మెట్లు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ దిగడం ఆమెకు ఇంకా గుర్తే. ఆ వీడియోను ఆ గదిలోనే చూడాలని ఆవిడ కోరిక. దింపడం ఎలాగోలా దింపొచ్చు. ఏదైనా జరిగితే ఒక్క మెట్లదారిలో ఆవిడను ఎలా పైకి తేవాలన్నదే మా టెన్షన్. ఇంకా దింపలేదు.

జర్మన్ దర్శకుడు హరూన్ ఫరోకీ 2009, 2010 సంవత్సరాల్లో నాలుగు భాగాల వీడియో ఒకటి చేశాడు. అందులో అమెరికా సైనికులకు యుద్ధానికి ముందు కంప్యూటర్ గేమ్‌తో శిక్షణ ఇస్తారు. మనసు చెదిరి తిరిగొచ్చినవాళ్లకు అలాంటి కంప్యూటర్ బొమ్మలతోనే వైద్యం చేస్తారు. శిక్షణ బొమ్మల్లో మనుషులకు, వస్తువులకు నీడలుంటాయి. వైద్యం బొమ్మలు చవకరకం, వాటిలో నీడలుండవు. అది చూసినప్పటి నుంచి, డబ్బు దేనికి దొరుకుతుందో దేనికి దొరకదో అనుకున్నప్పుడల్లా మీ శిలాఫలకం నల్లరాయి, పూడిపోయిన సొరంగం రెండూ నాకు ఒకేసారి గుర్తొస్తున్నాయి.

ఇంకొక్క మాట. లండన్‌లో బెత్నల్ గ్రీన్ స్టేషన్ షెల్టర్‌లో 1943 మార్చి 3 రాత్రి 173 మంది చనిపోయారు. అక్కడ ఆ రాత్రి బాంబు పడనే లేదు. ఉన్నది ఒకటే దారి, మసక వెలుతురు, మెట్ల మధ్యలో పట్టుకోవడానికి కమ్మీ లేదు. ఎవరో తూలిపడ్డారు, వెనకవాళ్లు వాళ్ల మీద పడ్డారు. ఆ ప్రవేశద్వారాన్ని బాగుచేయిస్తామని స్థానిక కౌన్సిల్ 1941లోనే అడిగితే పైవాళ్లు దండగ ఖర్చన్నారు. కమ్మీలు ఆ తర్వాత వేశారు. విచారణ నివేదికను దాదాపు రెండేళ్లు బయటపెట్టలేదు. మిమ్మల్ని భయపెట్టాలని రాయడం లేదు సార్. మా అర్జీలు చదువుతుంటే ఆ 1941 అర్జీ ఎలా ఉండేదో అనిపించి రాశాను.

మాకు కొత్త ప్రొజెక్టర్లు వద్దు. చెమ్మ పట్టిన గోడలకు రంగులూ వద్దు. మట్టి తీయించండి, నిచ్చెన బాగుచేయించండి, పైమూత మీద ఎవరూ కారు పెట్టకుండా చూడండి. ఇదివరకు నాలుగుసార్లు అడిగింది కూడా ఇదే.

వీలైతే ఒకసారి మళ్లీ రండి, దగ్గరుండి చూపిస్తాను. కాకపోతే మీతో పాటు పీఏ గారు, గన్‌మెన్లు, అధికారులు, ఫొటోగ్రాఫర్లు వస్తారు కదా, 15 దాటుతారు. ఎవరెవరిని బయట నిలబెట్టమంటారో ముందుగానే కబురు చేయండి.

ఇట్లు,
షెల్టర్‌లో ప్రొజెక్టర్లు నడిపే మనిషి