మొదటి కీమో పూర్తయింది: నా వెంట నిలిచిన అందరికీ కృతజ్ఞతలు

ఆత్మీయులందరికీ నమస్కారాలు.

నాకు మొదటి కీమో డోసు ఎక్కించి నేటికి 19 రోజులు. తెల్లరక్తకణాలు మళ్ళీ మామూలు స్థాయికి వచ్చాయనీ, ఎల్లుండి రెండో డోసు అనుకున్న ప్రకారమే ఇవ్వవచ్చుననీ నిన్నటి రక్తపరీక్ష చూసి డాక్టరుగారు చెప్పారు. ఆ మాట వినగానే మీ అందరికీ రాయాలనిపించింది. ఒక్కొక్కరితో ఫోనులో మాట్లాడే ఓపిక ఇంకా రాలేదు కనుక ఇలా రాస్తున్నాను. దయచేసి ఎవరూ వేరుగా భావించవద్దు.

రొమ్ము క్యాన్సర్ అని తేలి శస్త్రచికిత్స జరిగిన తరువాత, 21 రోజులకొకసారి 4 డోసులు, ఆపైన వారానికొకటి చొప్పున 12 డోసులు కీమో తీసుకోవాలని చెప్పినప్పుడు, ఆపరేషను నాడు కూడా లేనంత భయం నన్ను పట్టుకుంది. దానికి కారణం మా మేనత్త. 1984లో మా నాన్నగారు ఆమెను విజయనగరం నుంచి రైలులో మద్రాసు తీసుకువెళ్ళి, డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి గారి కృషితో 1954లో ఏర్పడిన అడయారు క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో వైద్యం చేయించారు. అత్తయ్య ఆ తరువాత చాలా ఏళ్ళు హాయిగా బతికింది. కానీ పదేళ్ళ పిల్లగా నేను చూసినది మంచం పక్కన పెట్టిన ఇత్తడి బేసినునూ, రాత్రంతా ఆగని వాంతులనూ మాత్రమే. నాలుగు దశాబ్దాలు గడిచినా నా మనసులో కీమో అంటే ఆ బేసినే.

ఆ భయాన్ని మొదట తీసివేసినది మా పాఠశాల జీవశాస్త్రం టీచరుగారు. ఒక ఆదివారం సాయంత్రం మా ఇంటికి వచ్చి రెండు గంటలు కూర్చుని, ఇప్పుడు కీమోకు ముందే ఇచ్చే వాంతి మందులు అత్తయ్య కాలానికి రానేలేదనీ, అవి 1990 తరువాత వాడుకలోకి వచ్చాయనీ, కనుక ఆమె పడిన బాధను నా బాధగా ముందే అనుభవించవద్దనీ ఓర్పుగా చెప్పారు. "ధైర్యంగా ఉండండి" అని చాలామంది అన్నారు, వారికీ రుణపడి ఉన్నాను. అయితే ధైర్యంగా ఉండటానికి ఒక కారణం చూపినవారు ఈమె.

రెండవది నా తల్లి ఇచ్చిన ధైర్యం. ఈ మందుతో రెండు మూడు వారాలలో జుట్టు రాలిపోతుందని తెలిసి నేను ఏడుస్తూ ఉంటే, "మందు తీసుకుపోయేదాకా ఎందుకు, అప్పన్నకు నువ్వే ఇచ్చేయి" అన్నది. చర్మం తెగకుండా జాగ్రత్తగా తీయించుకోమని డాక్టరుగారు అనుమతించారు. డోసుకు ఐదు రోజుల ముందు సింహాచలం వెళ్ళి తలనీలాలు సమర్పించాను. నాతో పాటు మావారు కూడా గుండు చేయించుకున్నారు. ఏడాది పొడవునా చందనంతో కప్పబడి ఉండి, అక్షయ తృతీయ నాడు మాత్రమే నిజరూపంతో దర్శనమిచ్చే స్వామి ఆయన. బోడి తలతో ఆయన ఎదుట నిలబడినప్పుడు నాకు సిగ్గు కలగలేదు, ఏదో పోయిందన్న దిగులూ కలగలేదు. మొన్న దిండు మీద మొలక వెంట్రుకలు రాలి కనిపించినప్పుడు కూడా అవి ఇదివరకే ఆయనకు చెందినవన్న భావమే కలిగింది.

డోసు రోజు తెల్లవారుజామున మమ్మల్ని విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకువెళ్ళడానికి లెక్కల మాస్టారు స్వయంగా కారు నడిపారు. ఉద్యోగుల ఆరోగ్య పథకం కింద రావలసిన అనుమతి కోసం మా ఆడపడుచు అంతకు ముందే రెండుసార్లు వెళ్ళి, కౌంటరు దగ్గర నిలబడి పని పూర్తి చేయించింది. గుండె పనితీరు చూసే ఎకో పరీక్ష ముందే అయింది కనుక ఆ రోజు ఆలస్యం కాలేదు.

డే కేర్ వార్డులోని ఆ నర్సమ్మ గురించి మాత్రం కొంచెం ఎక్కువగా చెప్పాలి. డాక్సోరుబిసిన్ అనే ఎర్ర మందు నరం దాటి బయటకు కారితే అక్కడి కండను దెబ్బతీస్తుంది. అందుకని ఆమె నా పక్కనే స్టూలు వేసుకుని, సెలైను నడుస్తుండగా, సిరంజితో కొద్దికొద్దిగా మందు ఎక్కిస్తూ, "మంటగా ఉందా అమ్మా?" అని మాటిమాటికీ అడుగుతూ, ఒక్కసారి కూడా చూపు నా చేతి మీద నుంచి మరల్చలేదు. మూత్రం ఒకటి రెండు రోజులు ఎర్రగా వస్తుందనీ, అది రక్తం కాదు, మందు రంగేననీ ముందే హెచ్చరించింది. ఆ ఒక్క మాట చెప్పకపోయి ఉంటే ఆ రాత్రి మా ఇల్లంతా హడలిపోయేది. నేను మనసులో స్వామి నామం జపిస్తున్నాను. ఆ నామానికి జవాబుగా ఆమె చేతులే అక్కడ ఉన్నాయని ఇప్పటికీ నమ్ముతున్నాను.

వాంతి ఒక్కటీ కాలేదు. వికారం, నోటిలో లోహపు రుచి, మరునాడు ఇచ్చిన ఇంజెక్షను వల్ల నడుములో ఎముకల నొప్పి మాత్రం ఐదారు రోజులు బాధపెట్టాయి. ఏదీ సహించని ఆ రోజులలో ఎదురింటి అక్కయ్య పంపిన చోడి అంబలి ఒక్కటే లోపలికి వెళ్ళింది. తొమ్మిదవ రోజు, తెల్లకణాలు బాగా తగ్గే సమయంలో, ఒళ్ళు వెచ్చబడింది. 100.4 డిగ్రీలు దాటితే వెంటనే ఆసుపత్రికి రావాలని చెప్పి ఉన్నారు. రాత్రి నమాజు ముగించుకుని వచ్చిన ఆ అక్కయ్య తెల్లవార్లూ నా మంచం దగ్గర కూర్చుని, గంటకొకసారి థర్మామీటరు చూసి, ఆ అంకెలన్నీ ఒక కాగితం మీద రాసి పెట్టింది. జ్వరం 99.8 దాటలేదు. ఆ కాగితం నా దగ్గర భద్రంగా ఉంది.

పదవ తరగతి పిల్లలారా, మీరు పంపిన 41 ఛందస్సు అభ్యాసాలనూ మూడు రోజులలో దిద్దాను. గణవిభజనలో గురువు, లఘువు సరిచూస్తున్నంతసేపూ నాకు జబ్బు ఉన్నదన్న సంగతే గుర్తుకు రాలేదు. నా తరగతులు తీసుకుంటున్న సాంఘికశాస్త్రం మాస్టారికీ, సెలవు విషయంలో నాకు ఏ చింతా లేకుండా చూసిన ప్రధానోపాధ్యాయులకూ నమస్కారాలు.

ఈ జబ్బు పేరు బయట చెప్పవద్దని నా మేలు కోరినవారే ఒకరు సలహా ఇచ్చారు. వారి ప్రేమను కాదనను. కానీ చెప్పకుండా దాచి ఉంటే ఈ సహాయాలలో ఒక్కటీ నా దాకా వచ్చేది కాదు. అందుకే దాచలేదు, ఇకముందూ దాచను.

ఎల్లుండి ఉదయం 5 గంటలకు బయలుదేరుతున్నాము. కారు ఈసారి కూడా తానే నడుపుతానని లెక్కల మాస్టారు కబురు చేశారు. అంబలి ఫ్లాస్కులో పోసి ఇస్తానని అక్కయ్య చెప్పింది.