నడిచేవాళ్లు, సైకిళ్లవాళ్ల రోడ్డు భద్రత: మన సంఘం ఈ ఏడాది వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి రిపోర్ట్ చదవాలి కాబట్టి రాస్తున్నా, అలాగే పనిచేసినవాళ్ల కష్టం అందరికీ తెలియాలని కాస్త వివరంగానే రాస్తున్నా. మన సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పక్కర్లేదు కదా.

ముందుగా థాంక్స్. టేపులు పట్టుకుని ఎండలో ఫుట్‌పాత్‌లు కొలిచిన టీంకి, వీల్‌చైర్‌లో మాతోపాటు వీధి వీధీ తిరిగి ఎక్కడ చక్రం ఆగిపోతుందో చూపించిన మన సభ్యుడికి, మ్యాపులు గీసిన స్టూడెంట్స్‌కి, స్కూల్ వదిలే టైంలో వచ్చి నిలబడిన తల్లిదండ్రులకి, ట్రాఫిక్ కోన్‌లు అప్పిచ్చిన వాళ్లకి, ఫొటోలు తీసిన వాళ్లకి అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు.

ఈ ఏడాది మనం గర్వంగా చెప్పుకోవాల్సింది స్కూల్ దగ్గర జంక్షన్‌లో ఒక రోజు చేసిన ట్రయల్. అక్కడ కార్నర్ మరీ విశాలంగా గుండ్రంగా కట్టేశారు, బండ్లు యాక్సిలరేటర్ మీంచి కాలు తీయకుండానే తిరిగిపోతాయి, పిల్లలేమో సరిగ్గా ఆ మలుపులోనే దాటాలి. పర్మిషన్ తీసుకుని కోన్‌లు పెట్టి సున్నంతో గీత గీసి ఆ కార్నర్‌ని బిగించాం, అంటే మలుపుని ఇరుకు చేశాం, దాటాల్సిన దూరం కూడా రెండు వైపులా తగ్గింది. బస్సు తిరగదు అని చాలామంది అన్నారు, అందుకే తెల్లవారుజామునే ఒక బస్సుని తిప్పించి చూసుకున్నాం, మెల్లగానే అయినా ఒక్కసారికే తిరిగింది. ఇక స్కూల్ వదిలాక చూడాలి, ప్రతి బండీ బ్రేక్ వేసే తిరిగింది, అంతకుముందు ఆగి ఉన్న బండ్ల వెనక కనపడకుండా నిలబడే పిల్లలు ఇప్పుడు గీత లోపల ముందుకొచ్చి డ్రైవర్‌కి ఎదురుగా కనపడ్డారు. కర్ర పట్టుకుని నడిచే ఒక పెద్దావిడ రోజూ రోడ్డు మధ్యలో ఆగిపోయేవారట, ఆ రోజు ఆగకుండా దాటేశారు. అక్కడ ఒక్క బోర్డు లేదు, విజిల్ లేదు, మారింది రోడ్డు ఆకారం ఒక్కటే.

స్పీడ్ గురించి మనం ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 50 కి.మీ. స్పీడ్‌లో బండి సెకనుకి దాదాపు 14 మీటర్లు పోతుంది, అంటే డ్రైవర్ కాలు బ్రేక్ మీదకి వెళ్లేలోపే అంత దూరం అయిపోతుంది, 30లో అయితే 8 మీటర్లే. గుద్దితే తగిలే శక్తి కూడా 30 కంటే 50లో రెండున్నర రెట్లు దాటుతుంది. అందుకే రోడ్డు భద్రత మీద ప్రపంచ దేశాల మంత్రుల సమావేశం ఇచ్చిన 2020 స్టాక్‌హోమ్ డిక్లరేషన్‌లో మనుషులూ బండ్లూ కలిసి తిరిగేచోట 30 దాటొద్దన్నారు. నార్వే రాజధాని ఓస్లోలో 2019లో నడిచేవాళ్లు గానీ సైకిల్ మీద వెళ్లేవాళ్లు గానీ ఒక్కరు కూడా రోడ్డు ప్రమాదంలో చనిపోలేదు, స్పీడ్ తగ్గించి, పార్కింగ్ తీసేసి, రోడ్డుని మార్చుకుంటూ వస్తే వచ్చిన ఫలితం అది.

సిగ్నళ్ల దగ్గర స్టాప్‌వాచ్‌తో కూడా చూశాం. మామూలుగా మనిషి సెకనుకి 1.2 మీటర్లు నడుస్తాడని లెక్కేసి టైం పెడతారు, 14 మీటర్ల రోడ్డుకి 12 సెకన్లు సరిపోతాయన్నమాట. కానీ 0.8 మీటర్ల చొప్పున నడిచే పెద్దవాళ్లకి 17 సెకన్లు పైనే కావాలి, గ్రీన్ అయిపోయేసరికి వాళ్లింకా రోడ్డు మధ్యలోనే ఉంటారు. టైం పెంచాలి, లేదా మధ్యలో నిలబడ్డానికి ఐలాండ్ కట్టాలి అని రాసిచ్చాం. సైకిల్ లేన్ సంగతి కూడా రాశాం, ఉత్త పెయింట్ గీత అయితే పొద్దున్నే పార్కింగ్ అయిపోతుంది, సైకిల్‌వాళ్లు మళ్లీ బండ్ల మధ్యకే రావాలి, కాబట్టి గట్టు కట్టి విడదీయాల్సిందే.

ఇక ఆఫీసుల సంగతి. ఇవన్నీ రాసి రిపోర్ట్ ఇచ్చాక ఎన్నిసార్లు తిరిగినా ఫైల్ పైకి వెళ్లింది అన్న మాటే, సైట్ చూడ్డానికి వస్తామని రెండుసార్లు చెప్పి రాలేదు, మనవాళ్లు సెలవు పెట్టుకుని మరీ ఎదురుచూశారు. చివరికి "జాగ్రత్తగా దాటండి" అని ఒక బోర్డు పెట్టారు, దాని స్తంభం ఫుట్‌పాత్ మధ్యలో పాతారు, వీల్‌చైర్ పట్టదు, రోడ్డు మీదకి దిగి చుట్టి రావాలి. అది తీయించమని మళ్లీ ఇంకో లెటర్. నాకు నిజంగా బాధేసింది.

మనవాళ్లకి కూడా ఒక మాట. లిస్టులో పేర్లు బోలెడున్నాయి, ఆదివారం కొలతలకి వచ్చేది మాత్రం ఎప్పుడూ ఆ కొద్దిమందే. గ్రూపులో థంబ్స్ అప్ పెట్టి రాకపోతే ఎలాగండి, ఒకరు టేపు పట్టుకుంటే ఇంకొకరు రాసుకోవాలి కదా.

లెక్కలు ఆడిటర్ గారు చూసి సంతకం పెట్టారు, కోశాధికారి దగ్గర కాపీలున్నాయి, ఖర్చులో ఎక్కువ భాగం ట్రయల్‌కీ ప్రింటింగ్‌కీ అయింది.

వచ్చే ఏడాది ఆ కార్నర్‌ని పర్మనెంట్‌గా కట్టించడమే మొదటి పని, తర్వాత ఆస్పత్రి ముందు క్రాసింగ్‌ని ఫుట్‌పాత్ ఎత్తుకి లేపించడం. కొలతల టీంలోకి కొత్తవాళ్లు కావాలి, మీటింగ్ అయ్యాక పేరు, ఏ ఆదివారం రాగలరో నాకు రాసివ్వండి.

ఇట్లు,
కార్యదర్శి